చీపుళ్ల గదిలో చిక్కిన ఇన్సులిన్!

‘టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకు రండి’ అంటూ డాక్టరు చీటీ రాసిస్తారు. చిన్న సీసాలో రక్తమిచ్చి వస్తాం. రిపోర్టు వస్తుంది. అందులోని అంకె వెనక ఎంత కథ ఉందో ఎవరికీ పట్టదు. పెద్ద సరస్సులో చెంచాడు పంచదార కలిపి, తీపి ఎంతో చెప్పమంటే..? రక్తంలో హార్మోన్లను కొలవడమూ అలాంటిదే. దాన్ని సాధ్యం చేసిన ఇద్దరిలో ఒకరు రోజలిన్ యాలో. చిత్రమేమిటంటే ఆమె వైద్యురాలు కాదు, ఫిజిక్స్ చదివిన అమ్మాయి!

పుట్టింది 1921లో, న్యూయార్క్‌లో. అమ్మానాన్నలిద్దరూ హైస్కూలు చదువైనా లేనివాళ్లు. ఆడపిల్ల, అందులోనూ యూదు అమ్మాయి... పరిశోధనకు సీటెవరిస్తారు? ప్రొఫెసరు దగ్గర సెక్రటరీగా చేరితే ఆ దారిన పై చదువు చదవొచ్చని షార్ట్‌హ్యాండ్ మొదలుపెట్టింది. ఇంతలో 1941లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం నుంచి పిలుపు. అంతే, షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు చింపి పారేసింది! అక్కడ నాలుగువందల మందిలో తనొక్కతే మహిళ. అన్నింట్లో ‘ఏ’ గ్రేడు తెచ్చుకుని ఒక్క ల్యాబ్‌లో ‘ఏ మైనస్’ వస్తే, ‘ఆడవాళ్లకు ప్రయోగాలు చేతకావనడానికి ఇదే రుజువు’ అన్నారట విభాగాధిపతి.

1947లో బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో చేరింది. చీపుళ్లూ బకెట్లూ పెట్టుకునే గదే ఆమె ప్రయోగశాల. మూడేళ్లకు సాల్మన్ బెర్సన్ అనే యువ వైద్యుడు జతకలిశాడు. ఆయనకు వైద్యం తెలుసు, ఆమెకు లెక్కలూ రేడియోధార్మికతా తెలుసు.

పెద్దవయసులో మధుమేహం వచ్చేవారిలో ఇన్సులిన్ త్వరగా విరిగిపోతుందేమోనని అప్పట్లో ఓ ఊహ. తేల్చుకుందామని ఇద్దరూ ఇన్సులిన్‌కు రేడియోధార్మిక అయోడిన్ తగిలించి రోగులకు ఎక్కించారు. ఫలితం తలకిందులైంది. అంతకుముందు ఇన్సులిన్ తీసుకున్నవారి రక్తంలో అది ఇంకా ఎక్కువసేపు ఉండిపోతోంది! మధుమేహం లేకపోయినా, మానసిక వ్యాధికి చికిత్సగా ఇన్సులిన్ తీసుకున్నవారిలోనూ అంతే. అంటే కారణం జబ్బు కాదు, ఇంజెక్షనే. పశువుల నుంచి తీసిన ఆ ఇన్సులిన్‌ను శరీరం పరాయిదిగా భావించి యాంటీబాడీలు తయారుచేసుకుంటోంది. అవే దాన్ని పట్టుకుని వదలడంలేదు.

అంత చిన్న అణువుకు యాంటీబాడీలా? నిపుణులు నమ్మలేదు. 1955లో పత్రికలు వ్యాసాన్ని తిప్పిపంపాయి. శీర్షికలోంచి ‘యాంటీబాడీ’ అన్న మాట తీసేశాకే మరుసటి ఏడాది అచ్చయింది.

అసలు మలుపు ఆ తర్వాత. బస్సులో సీట్లు లెక్కగా ఉన్నాయనుకోండి. ఎర్రచొక్కాలవాళ్లు కొందరు ఎక్కారు. మామూలు ప్రయాణికులు ఎంత ఎక్కువమంది ఎక్కితే, సీటు దక్కని ఎర్రచొక్కాలు అంత ఎక్కువవుతాయి. నిలబడినవాళ్లను లెక్కపెడితే ఎక్కినవాళ్లెందరో తెలిసిపోదూ! సీట్లు యాంటీబాడీలు, ఎర్రచొక్కాలు రేడియోధార్మిక ఇన్సులిన్, మామూలు ప్రయాణికులు రోగి రక్తంలోని ఇన్సులిన్. 1959-60లో ప్రకటించిన ఈ పద్ధతి పేరు రేడియో ఇమ్యునో అస్సే.

దాంతో కొలిస్తే, పెద్దవయసు మధుమేహుల్లో చాలామందికి ఇన్సులిన్ లేకపోవడం కాదు, దండిగా ఉంది! ఉన్నా పనిచేయడంలేదు. నేడు డాక్టర్లు చెప్పే ‘ఇన్సులిన్ రెసిస్టెన్స్’కు బలమైన ఆధారం అలా దొరికింది. పొట్టిగా ఉన్న పిల్లాడికి గ్రోత్ హార్మోన్ లోపమా కాదా, పసికందుకు పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉందా... జవాబులు వచ్చాయి. థైరాయిడ్ లోపాన్ని మొదటి వారాల్లోనే పట్టి మందు వేయకపోతే బిడ్డ బుద్ధి ఎదగదు. మడమ మీద గుచ్చి తీసే చుక్క రక్తంతో 1970ల్లో మొదలైన ఆ పరీక్షకు ఊపిరి ఈ పద్ధతే. ఇప్పుడు చాలా ల్యాబుల్లో రేడియోధార్మికత బదులు కాంతినిచ్చే రసాయనాలు వచ్చినా, చాలా పరీక్షల్లో యాంటీబాడీలే ఆధారం.

కోట్లు తెచ్చిపెట్టే ఆవిష్కరణకు ఇద్దరూ పేటెంటు తీసుకోలేదు. 1972లో బెర్సన్ హఠాత్తుగా చనిపోయారు. ఆయనతోనే ఆమె పనీ అయిపోయిందనుకున్నవాళ్లున్నారు. యాలో మాత్రం ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టించుకుంది... అక్కడినుంచి వెలువడే ప్రతి వ్యాసం మీదా బెర్సన్ పేరుండాలని. మరణించినవారికి నోబెల్ ఇవ్వరు. 1977లో ఆ ఇద్దరిలో స్టాక్‌హోం వేదికెక్కింది ఆమె ఒక్కతే. నోబెల్ ఉపన్యాసంలో 1955 నాటి తిరస్కరణ లేఖనూ అందరికీ చూపించింది.