రువాండా భోజనం: పూటపూటా రాజ్మానే.. రోడ్డు మీద తింటే మర్యాద కాదు! ఆ వెయ్యి కొండల దేశంలో ఏం తింటారంటే..

మనకు అన్నం ఎలాగో, రువాండా జనానికి రాజ్మా గింజలు అలాగ. మధ్యాహ్నం అయినా, రాత్రి అయినా పళ్లెంలో అవి ఉండాల్సిందే. ప్రపంచంలో తలసరిన రాజ్మా ఎక్కువగా తినే దేశాల్లో ఇదొకటి. ఇంతకీ అక్కడి వాళ్లు ఈ గింజల మీద ఎందుకు ఇంతగా ఆధారపడ్డారు? తిండి విషయంలో వాళ్ల పద్ధతులేంటి? ఓసారి చూద్దాం.

చిన్న దేశం.. ఎక్కువ జనం

తూర్పు ఆఫ్రికాలోని రువాండా విస్తీర్ణం 26,338 చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణలో పావు వంతు కూడా లేదు. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 1.3 కోట్లకు పైనే. ఎటు చూసినా కొండలే. ఆ వాలు మీదే చిన్న చిన్న కమతాలు. ఇంత తక్కువ నేలలో కుటుంబం కడుపు నిండాలంటే, కాస్త చోటులోనే ఎక్కువ కాసే పంట కావాలి. అందుకే కర్రలు పాతి, పైకి పాకించే తీగ రాజ్మాను రైతులు బాగా పట్టుకున్నారు. మాంసం రోజూ కొనే స్తోమత లేని ఇళ్లకు మాంసకృత్తులు అందించేది ఈ గింజలే. స్థానిక భాష కిన్యార్వాండాలో వీటిని ఇబిషింబో అంటారు.

పళ్లెంలో ఇంకా ఏముంటాయి?

ఉదయం చాలా ఇళ్లలో ఇగికోమా తాగుతారు. జొన్న, మొక్కజొన్న లాంటి పిండితో కాచే జావ ఇది. భోజనంలోకి ఉబుగాలి చేస్తారు. కర్రపెండలం పిండిని మరిగే నీళ్లలో వేసి గట్టిగా తిప్పితే ముద్ద అవుతుంది. అచ్చం మన సంకటి లాంటిదే! ముద్దను చేత్తో తుంచి, కూరలో అద్దుకుని తింటారు. ఉడికించిన కూర అరటి, చిలగడదుంప, బంగాళాదుంప కూడా మామూలే. గుమ్మడికాయను రాజ్మాతో కలిపి ఉడికిస్తే అది ఇబిహాజా. అరటికాయను కూరగాయలతోనో, మాంసంతోనో కలిపి వండితే అగటోగో.

ఇసోంబే.. తొందరపడితే ప్రమాదమే

రువాండా పేరు చెప్పగానే గుర్తొచ్చే కూర ఇసోంబే. కర్రపెండలం లేత ఆకులను రోట్లో మెత్తగా దంచి, చాలాసేపు ఉడికిస్తారు. తర్వాత ఉల్లిపాయ, వంకాయ, పల్లీల ముద్ద, పామాయిల్ లాంటివి కలుపుతారు. దంచడం, ఉడికించడం రుచి కోసమే అనుకుంటే పొరపాటే. పచ్చి ఆకుల్లో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఉంటాయి. బాగా దంచి, చాలాసేపు ఉడికిస్తేనే ఆ విషం పోతుంది. అందుకే ఈ కూర వండేటప్పుడు ఎవరూ తొందరపడరు.

పాలంటే ప్రాణం

రువాండా సంస్కృతిలో ఆవుకు పెద్ద పీట. పెళ్లి మాటల్లో వరుడి తరఫు వాళ్లు అమ్మాయి ఇంటికి ఆవులు ఇవ్వడం ఆనవాయితీ. ఇకివుగుటో అనే పులిసిన పాలను ఇష్టంగా తాగుతారు. రాజధాని కిగాలీలో వీటి కోసమే పాల బార్లు ఉన్నాయి! పేద కుటుంబానికి ఒక ఆవు ఇచ్చే గిరింకా పథకం 2006లో మొదలైంది. ఆవుకు పుట్టిన మొదటి పెయ్యను పక్కనున్న మరో పేద కుటుంబానికి ఇవ్వాలన్నది నియమం. 2018 జులైలో రువాండా వెళ్లిన ప్రధాని మోదీ, ఈ పథకం కింద రువేరు గ్రామంలో 200 ఆవులను కానుకగా ఇచ్చారు.

తినే పద్ధతులివే

రోడ్డు మీద నడుస్తూ తినడాన్ని పాతతరం వాళ్లు అస్సలు ఒప్పుకోరు. తిండి కూర్చుని, లోపల తినాలన్నది వాళ్ల మాట. అతిథికి ఇచ్చే పానీయం సీసాను ఎదురుగానే తెరవడం మర్యాద. పల్లెల్లో అరటి బీరు ఉర్వాగ్వాను ఒకే కుండ నుంచి గొట్టాలతో పంచుకుని తాగడం పాత అలవాటు. పట్టణాల్లో మధ్యాహ్నం మెలాంజ్ అనే బఫే నడుస్తుంది. పళ్లెం నింపుకునేది ఒక్కసారే. అందుకే పళ్లెంలో కొండలు కడతారు. మాంసం మాత్రం సాధారణంగా ఒక ముక్కే! సాయంత్రం పూట ఊచలకు గుచ్చి కాల్చిన మేక మాంసం, దాని మీద అకబాంగా కారం నూనె రెండు మూడు చుక్కలు. అంతకు మించి వేస్తే నోరు మండిపోతుంది.

కడుపు నిండితే సరిపోతుందా?

అసలు సమస్య ఇక్కడే ఉంది. దుంపలు, ముద్ద కడుపు నింపుతాయి కానీ పోషకాలన్నీ ఇవ్వవు. 2019-20 ఆరోగ్య సర్వే ప్రకారం, అయిదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 2014-15లో ఇది 38 శాతం. తగ్గింది, కానీ ఇంకా ఎక్కువే. ఆడవాళ్లలో ఐరన్ లోపం మరో బెడద. దీనికి మందుబిళ్లలతో పాటు తిండిలోనే మార్గం వెతికారు. రోజూ తినే రాజ్మాలోనే ఐరన్ ఎక్కువ ఉండే రకాలను మామూలు సంకరణ పద్ధతిలో తయారుచేసి, 2010 నుంచి రైతులకు అందించారు. హుయే పట్టణంలో కాలేజీ అమ్మాయిలకు 128 రోజులు ఈ గింజలు పెట్టి చూస్తే, మామూలు రాజ్మా తిన్నవాళ్ల కంటే వీళ్లలో ఐరన్, హిమోగ్లోబిన్ మెరుగుపడ్డాయి. 2016లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

అలవాటు లేని తిండి పెట్టలేదు. అమ్మమ్మల కాలం నుంచి పొయ్యి మీద ఉడుకుతున్న గింజలనే కాస్త బలంగా మార్చారు. అందుకే ఆ మార్పు పళ్లెం దాకా సులువుగా వచ్చింది.