వార్తల్లో పదం: ట్రాన్స్‌పైలర్

ఒక ప్రోగ్రామింగ్ భాషలో వ్రాసిన ప్రోగ్రామును అదే స్థాయి గల మరియొక భాషలోనికి మార్చు సాధనమే ట్రాన్స్‌పైలర్. బ్రౌజరులు సహజముగా నడుపు స్క్రిప్టు భాష జావాస్క్రిప్టే గనుక, 2012లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన టైప్‌స్క్రిప్టు వంటి భాషలలో వ్రాయువారు తమ కృతిని ముందుగా దానిలోనికి దింపుకొనక తప్పదు. కోయిలకుంట్ల నల్లరేగడిలో పండిన శనగల వెల లెక్కకట్టు వెబ్ పేజీని తయారుచేయు విద్యార్థి, క్వింటాలు ధర సంఖ్యగానే ఉండవలెనని నిర్దేశించియు, పొరబాటున ఆ స్థానమున ‘ఐదు వేలు’ అని అక్షరములలో వ్రాసెనేని, ఆ దోషము రైతు ఫోనునకు చేరకమునుపే, పరివర్తన సమయముననే బయటపడును. ఇందుకై చేయవలసిన ఏర్పాటు స్వల్పమే: టీఎస్‌కాన్ఫిగ్ అను ఫైలులో మూలము ఎచ్చటనున్నదో, ఫలితము ఎచ్చట పడవలెనో, ఏ తరపు జావాస్క్రిప్టు కావలెనో తెలిపి, టీఎస్‌సీ అను కమాండు నిచ్చిన చాలును. విచిత్రమేమన, దోషమును ఎత్తిచూపియు ఆ సాధనము ఫలితమును వ్రాసియే యిచ్చును; వలదనుకొన్నవారు దానిని వేరుగా నిషేధింపవలెను. ఇంతటి ఔదార్యము నాకంతగా రుచింపదు. 2025 మార్చిలో టైప్‌స్క్రిప్టు రూపశిల్పి ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ ఆ భాషా కంపైలరునే గో భాషలోనికి మార్చుచున్నామని ప్రకటించుటతో విషయము మరల వార్తల కెక్కినది. దాదాపు 15 లక్షల పంక్తులు గల వీఎస్ కోడ్ అను ఎడిటరు మూలమును పరిశీలించుటకు పూర్వము 77.8 సెకండ్లు పట్టగా, నూతన రూపమున 7.5 సెకండ్లే పట్టినవట.