మనసుకీ ఒక పద్దు ఉండాలి



నెల మొదట్లో మనమంతా పద్దుల పుస్తకం తీసి పాలకింత, బియ్యానికింత, పిల్లల ఫీజుకింత అని రాసుకుంటాం. మందులకని కాస్త పక్కన పెడతాం. అవి జ్వరానికీ, దగ్గుకీ మాత్రమే. పిల్లవాడి మనసు నలతపడితే ఖర్చవుతుందని మనలో ఎవరైనా ఎప్పుడైనా రాసుకున్నామా? సర్కారువారి పద్దుల పుస్తకమూ ఇంచుమించు ఇలాగే ఉందండీ. ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

మా వీధిలో ఒకావిడ కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. చలాకీ పిల్లవాడు. ఉన్నట్టుండి మాట తగ్గింది, నిద్ర పోయింది, అన్నం కెలికి లేచిపోయేవాడు. తండ్రి పొగరన్నారు. నానమ్మ దిష్టి తీసింది. ఇరుగుపొరుగు వాళ్లం "చదువు ఒత్తిడి, అదే పోతుందిలే" అన్నాం. తల్లి డాక్టరుకి చూపిద్దామంటే, "ఏం, ఎర్రగడ్డకి తీసుకెళ్తావా?" అని ఇంట్లో కేకలేశారు. ఆరు నెలలకి గానీ చూపించలేదు. ఇప్పుడు కుర్రవాడు తేరుకుంటున్నాడు. కానీ ఆవిడ కుట్టుపని మానుకుని ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండవలసి వచ్చింది. రాబడి పోయింది, మందుల ఖర్చు పెరిగింది, పైగా నలుగురూ అనే మాటలు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 7గురికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. 60 మంది ఉన్న క్లాసులో నలుగురన్నమాట. పెద్దవాళ్ల సంగతి చూస్తే, చాలా రకాల మానసిక జబ్బులకి నూటికి 70 మందికి పైగా వైద్యమే అందడం లేదని ఆ సర్వేయే చెప్పింది.

మరి ఏర్పాట్లేమీ లేవా అంటే, ఉన్నాయి. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. 1996లో దాన్ని జిల్లాలకి తెచ్చినప్పుడు మొదటి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. 2017 చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. మానసిక వైద్యం పొందడం ప్రతివారి హక్కని అది చెబుతోంది. ఒంటి జబ్బుకిచ్చినట్టే మనసు జబ్బుకీ బీమా ఇవ్వాలని కూడా అందులో ఉంది. మీ పాలసీ కాగితాలు ఓసారి తీసి చూడండి. 2022 అక్టోబరు 10న 'టెలి మానస్' వచ్చింది. 14416కి ఫోన్ చేస్తే రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

లోటల్లా డబ్బు దగ్గరే. 2025-26 బడ్జెట్‌లో కేంద్ర ఆరోగ్య శాఖకు దాదాపు లక్ష కోట్లు కేటాయిస్తే, మానసిక ఆరోగ్యానికి సుమారు 1,000 కోట్లు. అంటే నూటికి ఒక్క రూపాయి! ఆ రూపాయిలోనూ ఎక్కువ భాగం బెంగుళూరు నిమ్‌హాన్స్‌కి వెళుతుంది. అది గొప్ప సంస్థే, కాదనను. కానీ మన ఊళ్లో పిల్లవాడు బెంగుళూరు ఎలా వెళతాడు? కనిపెట్టుకుని ఉన్న తల్లి మాటేమిటి? ఎక్కువ ఆసరా అవసరమైన వారిని చూసుకోవడానికి భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. మానసిక జబ్బునీ ఆ చట్టం వైకల్యాల్లో చేర్చింది. కాగితం మీది మాటకి డబ్బు తోడైతేనే కదా అది ఇంటి గుమ్మం దాకా వచ్చేది!

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సిలరు ఉండాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని విడదీయవద్దంది, నలుగురిలో అవమానించవద్దంది. చట్టం వచ్చేదాకా ఇవే పాటించాలంది. ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు ర్యాంకుల కన్నా ముందు "మీ కౌన్సిలరు ఎవరండీ?" అని అడగండి.

ఓట్లకోసం మన గుమ్మంలోకి వచ్చేవారినీ అడగండి. మన జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యులున్నారా, మందులున్నాయా, ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చు. మహిళా మండలి తరఫున పది సంతకాలతో వెళ్లిన కాగితానికి బరువుంటుంది.

ఇంట్లో మాత్రం, పిల్లవాడి నిద్ర, తిండి, మాట రెండు వారాలకి మించి మారిపోతే అలకని తీసిపారేయకండి. పక్కన కూర్చుని అడగండి. "నాకు బతకాలని లేదమ్మా" అన్నాడంటే అది బెదిరింపు అనుకోకండి. తిట్టకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే సాయం తీసుకోండి. పరీక్ష పోతే సప్లిమెంటరీ ఉందని ఫలితాలు రాకముందే చెప్పి ఉంచండి.

ఈ నెల పద్దు రాసేటప్పుడు, 14416 అనే అంకె కూడా ఆ పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంచండి. మనకి అవసరం పడకపోతే సంతోషమే. పక్కింటి వాళ్లకి పనికి రావచ్చు. ఏమంటారు?

సెలవు.