ఒక సంతకము వెల

పరదేశమున కాపురముండువాని బ్రదుకు అతని నడవడిమీదనే గాక, తా నెన్నడును పాలుపంచుకొనని స్వదేశ రాజకీయములమీదను ఆధారపడియుండునను సత్యమును, రెండవ ప్రపంచ యుద్ధకాలమున జపానులో నివసించిన మరాయినీ కుటుంబపు చరిత్ర విశదము చేయుచున్నది.

ఫ్లోరెన్సు నగరవాసియైన ఫోస్కో మరాయినీ 1938లో, సిసిలీ ప్రభువంశపు ఆడపడుచగు భార్య తొపాజియాను, రెండేండ్ల కూతురు దాచాను వెంటబెట్టుకొని జపాను చేరి, సప్పొరో నగరమున నిలిచి ఐను జాతివారి ఆచారములను పరిశోధించెను. మరి యిద్దరు కుమార్తెలు యూకీ, తోనీ జపానులోనే జన్మించిరి. తరువాత ఆయన క్యోటో విశ్వవిద్యాలయమున ఇటాలియను భాష బోధించుచుండగా, ఇటలీ జపానునకు చెలికాడగుటచే వారికి మర్యాదలో లోటు లేకుండెను.

1943 సెప్టెంబరు 8న ఇటలీ శత్రుపక్షముతో సంధి చేసికొన్నదని తెలియగానే, ఆ మర్యాద మాయమయ్యెను. ముస్సోలినీ ఉత్తర ఇటలీలో నెలకొల్పిన కొత్త ప్రభుత్వమునకు విధేయులమని సంతకము పెట్టుమన్నప్పుడు ఫోస్కో నిరాకరించెను. వేరుగ నడిగినను, తొపాజియా స్వబుద్ధితోనే కాదనెను. తత్ఫలితముగ, సంతకమన నేమో యెరుగని ముగ్గురు పసిపిల్లలతోగూడ వారు నగోయాలోని నిర్బంధ శిబిరమునకు తరలింపబడిరి.

అచ్చట కావలివారే ఖైదీల బత్తెమును కాజేయుచుండగా, ఆకలి నిత్యవ్రతమయ్యెను. ఇటాలియనులు నమ్మదగనివారని నిందించిన అధికారి యెదుట, 1944లో, ఫోస్కో చేతిగొడ్డలితో తన యెడమచేతి చిటికెనవ్రేలు నరికికొనెను. వ్రేలు కోసికొని మాటకు కట్టుబడుట జపానులో పాత యాచారము. ఆ జాతి హృదయము నెరిగిన పండితుడు గనుకనే, వారు కాదనలేని రీతిని సమాధానము చెప్పగలిగెను. పిమ్మట శిబిరమునకొక మేక వచ్చెను. పిల్లలకు పాలు దొరకెను.

1945లో వారిని నగోయా వెలుపలి యొక బౌద్ధాలయమునకు మార్చిరి. యుద్ధము ముగిసిన పిదప, 1946లో వారు ఇటలీకి మరలిరి. ఐనను ఫోస్కో జపానును ద్వేషింపలేదు. కొన్నేండ్లకు మరల వచ్చి, ఆ దేశమునుగూర్చి ఆదరముతో గ్రంథము వ్రాసెను. ప్రఖ్యాత రచయిత్రియైన దాచా, 2023లో శిబిరస్మృతులను గ్రంథస్థము చేసెను.

ఏ దేశపు ప్రభుత్వము చేసిన పనికైనను, మన వీధిలో కాపురమున్న ఆ దేశపు కుటుంబమును జవాబుదారి చేయకుండుట ప్రవాసులమైన మనకు ప్రథమధర్మము. ఆ ధర్మము ఒకనాడు మనకును అక్కరకు రావచ్చును.