పరుగుల ఖాతాలో దొరికే సీజన్

2023 అక్టోబరు 1న అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ లీగ్ దశ ముగిసింది. మయామీ మార్లిన్స్ 161 మ్యాచ్‌ల్లో 84 గెలిచి ప్లేఆఫ్స్‌కి చేరింది. ఆ జట్టును నడిపిన స్కిప్ షూమేకర్ నేషనల్ లీగ్ ఉత్తమ మేనేజర్‌గా ఎంపికయ్యాడు. జీతాలకే దాదాపు 25 కోట్ల డాలర్లు పెట్టిన శాన్ డియాగో పాడ్రేస్ మాత్రం 82 గెలుపుల దగ్గర ఆగిపోయి ప్లేఆఫ్స్‌కి దూరమైంది. మరుసటి ఏడాది పాడ్రేస్ 93 గెలిచింది. మార్లిన్స్ 62 గెలిచి సరిగ్గా 100 ఓడింది.

ఒక్క శీతాకాలంలో ఇంత తారుమారు ఎలా అయిందంటే ఎవరైనా ముందు వెతికేది ఎవరొచ్చారు, ఎవరు వెళ్లిపోయారు అనే. ఆ లెక్కన చూస్తే పాడ్రేసే ఎక్కువ పోగొట్టుకుంది. అసలు జవాబు 2023 లెక్కల్లోనే ఉంది. పాడ్రేస్ ఆ ఏడాది 752 పరుగులు చేసి 648 ఇచ్చింది. మార్లిన్స్ 666 చేసి 723 ఇచ్చింది. ఒకరికి 104 పరుగుల మిగులు, ఇంకొకరికి 57 పరుగుల లోటు. లోటులో ఉన్న జట్టే రెండు మ్యాచ్‌లు ఎక్కువ గెలిచింది! ఒక జట్టు సీజన్ ఎలా సాగిందో, వచ్చే ఏడాదికి దానికేం కావాలో తేల్చాలంటే మొదట తెరవాల్సిన పేజీ ఈ పరుగుల ఖాతాయేనని నా గట్టి నమ్మకం.

వర్గాల లెక్క

ఐపీఎల్ పట్టికలో పాయింట్లు సమానమైతే మనం నెట్ రన్‌రేట్ చూస్తాం. అక్కడ దాని పని అంతే. బేస్‌బాల్‌లో పరుగుల తేడాకి అంతకన్నా పెద్ద పని ఉంది. గణాంకాలతో ఆటను చదవడం నేర్పిన బిల్ జేమ్స్ దశాబ్దాల కిందట ఒక సూత్రం ఇచ్చాడు. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చిన దాన్ని 162తో గుణిస్తే ఆ జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలవాల్సిందో వస్తుంది.

పాడ్రేస్‌కి వేసి చూద్దాం. 752 వర్గం 5,65,504. 648 వర్గం 4,19,904. రెండూ కలిపితే 9,85,408. మొదటి అంకెను దీంతో భాగిస్తే 0.574. దాన్ని 162తో గుణిస్తే 93. అంటే 82 గెలిచిన ఆ జట్టు ఆట 93 గెలుపుల ఆట. మార్లిన్స్‌కి ఇదే లెక్క వేస్తే 74 వస్తుంది, గెలిచింది 84. మరుసటి ఏడాది పాడ్రేస్ కచ్చితంగా ఆ 93 దగ్గరే ఆగడం యాదృచ్ఛికమే అనుకోండి. ఒకరు పైకి, ఇంకొకరు కిందికి వెళ్లడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

కాగితం, పెన్సిల్ లేకపోతే చిన్న కొలత ఒకటుంది: ప్రతి పది పరుగుల తేడాకి ఒక గెలుపు. సగం గెలిచిన జట్టుకి 81 గెలుపులు. 104 పరుగుల మిగులుంటే దానికి పది కలపండి, 57 లోటుంటే ఆరు తీసేయండి. 91, 75 వస్తాయి. ఈ కథనంలో మిగతా లెక్కలకి ఇది చాలు.

మరి ఆ గెలుపులు ఎక్కడికి పోయాయి? ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌ల్లోకి. అలాంటి మ్యాచ్‌లు మార్లిన్స్ 33 గెలిచి 14 ఓడింది. పాడ్రేస్ 9 గెలిచి 23 ఓడింది. అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్లిన 14 మ్యాచ్‌ల్లో పాడ్రేస్ గెలిచింది రెండే. ఒక్క పరుగు మ్యాచ్‌లను పక్కన పెట్టి మిగతా మ్యాచ్‌లు చూడండి. మార్లిన్స్ 51 గెలిచి 63 ఓడింది, పాడ్రేస్ 73 గెలిచి 57 ఓడింది. ఈ రెండు జట్ల అసలు బలం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఒక్క పరుగుతో గెలవడం గుండె నిబ్బరమనీ, ఆ నిబ్బరం కొన్ని జట్లకే ఉంటుందనీ అభిమానులు నమ్ముతారు. వినడానికి బాగుంటుంది, కానీ అది నిజమైతే ఏటా నిలవాలి. 2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ అలాంటి మ్యాచ్‌లు 29 గెలిచి తొమ్మిదే ఓడింది. మరుసటి ఏడాది దాదాపు అదే జట్టు, అదే మేనేజర్, 20 గెలిచి 31 ఓడింది. మంచి బుల్‌పెన్, అంటే మ్యాచ్ మధ్యలో వచ్చి బంతులేసే పిచర్లు, ఉంటే కొంత లాభం ఉంటుంది. కానీ 2023లో పాడ్రేస్ తరఫున చివరి ఇన్నింగ్స్ వేసే క్లోజర్ జాష్ హేడర్ 33 మ్యాచ్‌లు కాపాడి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.28 పరుగులే ఇచ్చాడు. అంతటి పిచర్ ఉన్న జట్టుకే ఈ గతి పట్టిందంటే దీన్ని నైపుణ్యం ఖాతాలో ఎలా వేస్తాం?

శీతాకాలపు పని

వరల్డ్ సిరీస్ ముగియగానే ఆఫ్ సీజన్ మొదలవుతుంది. ఇక్కడ వేలం ఉండదు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయి, ఒప్పందం తీరిన ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు, తనకి నచ్చిన జట్టుతో బేరమాడుకుంటాడు. మిగతావాళ్లని జట్లు ఒకరికొకరు మార్చుకుంటాయి. మూడేళ్లు దాటని కుర్రాళ్లు చాలావరకు కనీస జీతానికే ఆడతారు. 2024లో ఆ జీతం 7.4 లక్షల డాలర్లు. జీతాల మొత్తం ఒక గీత దాటితే జట్టు పన్ను కట్టాలి. 2024లో ఆ గీత 23.7 కోట్ల డాలర్లు.

పాడ్రేస్‌కి ఆ శీతాకాలం చాలా కష్టంగా గడిచింది. మ్యాచ్‌లు చూపించే స్థానిక టీవీ ఒప్పందం 2023 మేలోనే కూలిపోయింది. నవంబరులో యజమాని పీటర్ సైడ్లర్ చనిపోయాడు. మేనేజర్ బాబ్ మెల్విన్ జెయింట్స్‌కి వెళ్లిపోయాడు. నేషనల్ లీగ్ ఉత్తమ పిచర్ బ్లేక్ స్నెల్, క్లోజర్ హేడర్, మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు (స్టార్టర్లు) సెత్ లూగో, మైకల్ వాకా బయటికి నడిచారు. 35 హోమ్ రన్లు కొట్టిన హువాన్ సోటోకి మరుసటి ఏడాది 3 కోట్ల డాలర్ల పైన ఇవ్వాల్సి వచ్చేది. అతణ్ణి సెంటర్ ఫీల్డర్ ట్రెంట్ గ్రిషమ్‌తో కలిపి యాంకీస్‌కి ఇచ్చేశారు.

అవసరాలు లెక్కపెట్టేటప్పుడు ఆటగాళ్ల పేర్లకన్నా ఇన్నింగ్స్ లెక్క ఎక్కువ చెబుతుంది. ఒక జట్టు పిచర్లు సీజన్ మొత్తంలో దాదాపు 1,450 ఇన్నింగ్స్ వేయాలి. 2023లో స్నెల్ 180, లూగో 146, వాకా 134 వేశారు. ముగ్గురూ కలిసి 460, అంటే మూడో వంతు! ఆ మూడో వంతు ఎవరు వేస్తారన్నదే పాడ్రేస్ ముందున్న అసలు ప్రశ్న. సోటోకి బదులు వచ్చిన ఐదుగురిలో మైకల్ కింగ్ ఉన్నాడు. యాంకీస్‌లో ఎక్కువగా బుల్‌పెన్‌లో పనిచేసినవాణ్ణి ఇక్కడ స్టార్టర్‌గా నిలబెట్టారు, 173 ఇన్నింగ్స్ దాటాడు. ఆ ఐదుగురిలోనే ఉన్న కుర్ర పిచర్ డ్రూ థార్ప్‌ని, ఇంకొందరిని వైట్ సాక్స్‌కి ఇచ్చి, మార్చిలో డిలన్ సీస్‌ని తెచ్చారు. అతను 189 వేశాడు, జులైలో వాషింగ్టన్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. 460లో 363 ఈ ఇద్దరే పూడ్చారు. ఖాళీ అయిన సెంటర్ ఫీల్డ్‌లో అప్పటిదాకా షార్ట్‌స్టాప్‌గా ఎదిగిన ఇరవయ్యేళ్ల జాక్సన్ మెరిల్‌ని పెట్టారు, 24 హోమ్ రన్లు కొట్టాడు. లెఫ్ట్ ఫీల్డ్‌కి జూరిక్సన్ ప్రోఫార్‌ని 10 లక్షల డాలర్లకి తీసుకున్నారు, అతనూ 24 కొట్టాడు. జీతాలు తగ్గాయి, జట్టు బాగుపడింది. పాడ్రేస్ జనరల్ మేనేజర్ ఎ.జె. ప్రెల్లర్ మీద అంతకుముందు చాలా విమర్శలున్నాయి. ఆ శీతాకాలం మాత్రం అతను చేసినదాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. 82 గెలుపులు చూసి జట్టు పునాదుల్ని తవ్వలేదు, 104 చూసి పోయినచోటల్లా మనిషిని నిలబెట్టాడు.

మార్లిన్స్‌ ఖాతా ఇంకో రకంగా ఉంది. 666 పరుగులు నేషనల్ లీగ్‌లో అన్నిటికన్నా తక్కువ. కావాల్సింది బ్యాటర్లని అంతకన్నా స్పష్టంగా ఏ లెక్క చెప్పలేదు. ఉన్నవాళ్లలో 36 హోమ్ రన్లు కొట్టిన హోర్హే సోలేర్ వెళ్లిపోయాడు. జట్టును ప్లేఆఫ్స్‌కి తెచ్చిన కిమ్ ఆంగ్, మేజర్ లీగ్‌లో తొలి మహిళా జనరల్ మేనేజర్, తన పైన ఇంకొకరిని నియమిస్తామనేసరికి తప్పుకున్నారు. ఆ శీతాకాలం ఫ్రీ ఏజెంట్లలో మార్లిన్స్ మేజర్ లీగ్ ఒప్పందం ఇచ్చింది ఒక్క టిమ్ ఆండర్సన్‌కే, 50 లక్షల డాలర్లకి. ముందు ఏడాది అతను కొట్టింది ఒకే ఒక్క హోమ్ రన్. పైగా ప్రధాన పిచర్లు సాండీ అల్కాంటరా, యూరీ పెరెజ్ ఇద్దరూ మోచేతి శస్త్రచికిత్సలతో 2024 మొత్తానికీ దూరమయ్యారు. మొదటి తొమ్మిది మ్యాచ్‌లూ ఓడారు. మేలో తమ బ్యాటింగ్ చాంపియన్ లూయీస్ అరాయెజ్‌ని ఇచ్చేశారు. తీసుకున్నది పాడ్రేస్. గాయాలు లేకపోయినా ఆ జట్టు 84 దగ్గరికి వచ్చేది కాదని నా అభిప్రాయం. 74 గెలవాల్సిన జట్టుకి 84 గెలిచిన జట్టుకి చేయాల్సినంత మరమ్మతు కూడా చేయలేదు.

అలాగని ప్రతి చెడ్డ సీజన్‌నీ దురదృష్టం అనేయకూడదు. 2023లో కాన్సస్ సిటీ రాయల్స్ 56 గెలిచి 106 ఓడింది. 676 చేసి 859 ఇచ్చింది, 183 లోటు. సూత్రం వేసినా 62 మించదు. అది నిజంగానే బలహీనమైన జట్టు, బలహీనత ఎక్కడుందో 859 చెబుతోంది. రాయల్స్ అక్కడికే వెళ్లింది. పాడ్రేస్ వదిలేసిన లూగోని మూడేళ్లకి 4.5 కోట్లకి, వాకాని రెండేళ్లకి 3.2 కోట్లకి తెచ్చుకుంది. లూగో 2024లో 206 ఇన్నింగ్స్ పైన వేసి 16 గెలిచాడు. ఏడాది ముందు రేంజర్స్ దగ్గర తీసుకున్న కోల్ రేగన్స్ 223 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఇచ్చిన పరుగులు 644కి దిగాయి, అంటే 215 తగ్గాయి. చేసినవి 735కి పెరిగాయి, అంటే 59 ఎక్కువ. రెండూ కలిపి 274 పరుగులు, పదికి ఒకటి చొప్పున 27 గెలుపులు రావాలి. వచ్చినవి 30, మొత్తం 86. రాయల్స్ ప్లేఆఫ్స్ ఆడింది.

ఈ లెక్కకు హద్దులున్నాయి. 2023లోనే అరిజోనా డైమండ్‌బ్యాక్స్ 15 పరుగుల లోటుతో, మార్లిన్స్ లాగే 84 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. అక్కడ బ్రూవర్స్, డాడ్జర్స్, ఫిలీస్‌లను వరసగా ఓడించి వరల్డ్ సిరీస్ దాకా చేరింది. 2024లో 93 గెలిచిన పాడ్రేస్ డాడ్జర్స్‌తో ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో చివరి 24 ఇన్నింగ్స్ ఒక్క పరుగూ చేయలేక ఇంటికెళ్లింది. పరుగుల ఖాతా 162 మ్యాచ్‌లకి నమ్మకమైన సాక్షి. ఐదారు మ్యాచ్‌ల సిరీస్ మీద దాని మాట చెల్లదు.

ఆర్లింగ్టన్ జట్టు

డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకి దగ్గర్లో, ఆర్లింగ్టన్‌లో ఆడే జట్టు టెక్సస్ రేంజర్స్. 2022 నుంచి 2025 దాకా దాని నాలుగేళ్లూ ఈ లెక్కకి మంచి పరీక్ష. 2022లో 68 గెలిచి 94 ఓడింది. చూస్తే ఘోరం. చేసింది 707, ఇచ్చింది 743, లోటు 36 మాత్రమే. సూత్రం 77 అంటుంది. ఒక్క పరుగు మ్యాచ్‌లు 15 గెలిచి 35 ఓడింది. అంతకుముందు శీతాకాలమే కోరీ సీగర్, మార్కస్ సిమియన్‌లకి కలిపి 50 కోట్ల డాలర్ల ఒప్పందాలు రాసిచ్చిన జట్టు అది. 94 ఓటములు చూసి వెనకడుగు వేయలేదు. పిచర్లు జేకబ్ డిగ్రామ్, నేథన్ ఇవాల్డిలను కొన్నది, విశ్రాంతి తీసుకుంటున్న బ్రూస్ బోచీని మేనేజర్‌గా పిలిచింది. డిగ్రామ్ ఆరు మ్యాచ్‌లకే గాయపడ్డాడు. అయినా 2023లో 881 చేసి 716 ఇచ్చి, 90 గెలిచి, తన చరిత్రలో తొలి వరల్డ్ సిరీస్ అందుకుంది. 165 పరుగుల మిగులున్న ఆ జట్టే మరుసటి ఏడాది 78కి పడిపోయింది. ఆటగాళ్ల శరీరాలు మొరాయిస్తే ఏ సూత్రమూ ఆపలేదు.

2025లో రేంజర్స్ 81 గెలిచి 81 ఓడింది. వార్తల్లో దాన్ని నడిమధ్యన నలిగిన జట్టు అన్నారు. ఖాతా తెరిస్తే 684 చేసి 605 ఇచ్చింది, 79 మిగులు. సూత్రం ప్రకారం 91 గెలవాలి. డిగ్రామ్ 30 మ్యాచ్‌లు ఆడాడు, పిచర్ల సగటు 3.47, మేజర్ లీగ్ మొత్తంలో అదే ఉత్తమం. సీజన్ ముగియగానే బోచీ వెళ్లిపోయాడు, ఆ స్థానంలోకి ఒకప్పటి మార్లిన్స్ మేనేజర్ షూమేకర్ వచ్చాడు. సిమియన్‌ని మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తీసుకున్నారు. ఈ దిశ సరైనదే. రేంజర్స్‌కి పిచర్లున్నారు, ఆ 605ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. 684ని 740 దాకా తీసుకెళ్లే బ్యాట్లు కావాలి. డల్లాస్‌లో ఉన్న పాఠకులు 2026 సీజన్ సగానికి వచ్చాక గెలుపులు లెక్కపెట్టే ముందు ఆ ఒక్క అంకె ఎటు కదులుతోందో చూడండి.