పెద్దపేగు క్యాన్సర్‌: కోతకు ముందు ఓ పరీక్ష

ఇబ్రహీంపట్నం: పెద్దపేగులో క్యాన్సర్‌ గడ్డ ఉందని తేలితే, అది ఇతర అవయవాలకు పాకకపోతే వెంటనే శస్త్రచికిత్స చేయడం ఆనవాయితీ. ఇటీవల కొందరికి ముందుగా ఇమ్యునోథెరపీ ఇచ్చే విధానం వచ్చింది. ఇది అందరికీ పనికిరాదు. ఎవరికి పనికివస్తుందో తేల్చేది ఎంఎంఆర్‌ పరీక్ష. చికిత్సకు హైదరాబాద్‌ వెళ్లే ఈ ప్రాంత రోగులు దీని గురించి తెలుసుకోవడం అవసరం.

పరీక్ష ఎందుకు?
కణం విభజన చెందేటప్పుడు తన జన్యు సమాచారానికి నకలు తీసుకుంటుంది. పహాణీ నకలు రాసేటప్పుడు తప్పులు దొర్లినట్లే ఇక్కడా దొర్లుతాయి. వాటిని సరిదిద్దే వ్యవస్థ కణంలోనే ఉంటుంది. కొన్ని గడ్డల్లో అది పనిచేయదు. తప్పులు పేరుకుపోయి ఆ కణాలు శరీర రక్షణ వ్యవస్థకు పరాయివిగా కనిపిస్తాయి. అయినా క్యాన్సర్‌ ఆ వ్యవస్థకు పగ్గాలు వేస్తుంది. ఇమ్యునోథెరపీ మందు ఆ పగ్గాలు విప్పుతుంది. ఈ రహస్యాన్ని వెలికితీసిన జేమ్స్‌ ఆలిసన్‌, తసుకు హోంజోలకు 2018లో నోబెల్‌ బహుమతి లభించింది. పెద్దపేగు క్యాన్సర్లలో ఈ లోపం ఉన్నవి సుమారు 10 నుంచి 15 శాతమే. బయాప్సీ ముక్కతోనే పరీక్ష చేయవచ్చు.

ఫలితాలు ఇవీ
నెదర్లాండ్స్‌ వైద్యులు ఈ లోపమున్న 111 మంది పెద్దపేగు క్యాన్సర్‌ రోగులకు నివోలుమాబ్‌, ఇపిలిముమాబ్‌ ఇచ్చి తర్వాత శస్త్రచికిత్స చేశారు. 75 మందికి తొలగించిన భాగంలో సజీవ క్యాన్సర్‌ కణమే కనిపించలేదు. ఈ ఫలితాలు 2024లో వెలువడ్డాయి. న్యూయార్క్‌లోని మెమోరియల్‌ స్లోన్‌ కెటరింగ్‌ ఆసుపత్రి 2025లో మరో అధ్యయనం ప్రకటించింది. పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళంలో ఇదే లోపంతో గడ్డ ఉన్న 49 మంది ఆరు నెలలు డోస్టార్లిమాబ్‌ తీసుకున్నారు. అందరికీ గడ్డ కనుమరుగై, శస్త్రచికిత్స లేకుండానే పర్యవేక్షణలో కొనసాగారు. ఇతర భాగాల్లో గడ్డలున్న 54 మందిలో 35 మందికి గడ్డ కనుమరుగైంది.

తొందరపాటు వద్దు
లోపం లేని గడ్డలపై ఈ మందు ప్రభావం స్వల్పమే. అటువంటివారు ఇంజెక్షన్‌పై ఆశతో శస్త్రచికిత్స వాయిదా వేస్తే వ్యాధి ముదురుతుంది. పేగు మూసుకుపోయినా, చిల్లుపడినా అత్యవసర శస్త్రచికిత్స తప్పదు. మందు వల్ల థైరాయిడ్‌, కాలేయం, పేగులు, ఊపిరితిత్తులు దెబ్బతినే అవకాశమూ ఉంది. గడ్డ కరిగినా క్రమం తప్పకుండా స్కానింగ్‌, ఎండోస్కోపీ పరీక్షలు చేయించుకోవాలి.

మందు ఖరీదైనది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్‌ ఆసుపత్రిలోనూ వైద్యులను సంప్రదించవచ్చు. ‘ఎంఎంఆర్‌ పరీక్ష చేశారా?’ అన్న ప్రశ్న శస్త్రచికిత్సకు ముందే అడగడం మేలు. మలంలో రక్తం పడితే మొలలేనని సరిపెట్టుకోక వైద్యుడికి చూపించుకోవాలి.