చలి తగ్గాక పశువుల కొట్టం

అమెరికా ఈశాన్య రాష్ట్రాలైన వెర్మాంట్, న్యూ హ్యాంప్‌షైర్ వంటి చోట్ల, జీవనోపాధికి కాక ఇష్టం కొద్దీ కొన్ని గొర్రెలనో మేకలనో పెంచుకునే చిన్న క్షేత్రాల్లో, వసంతకాలపు పని కొట్టంలోని నేలతోనే మొదలవుతుంది. పాత పడకను తీయకుండా దానిపైనే కొత్త గడ్డి పరుస్తూ పోయే డీప్ లిట్టర్ పద్ధతిలో, అడుగు పొరల్లోని పేడ, మూత్రం సూక్ష్మజీవుల చర్యతో కుళ్లుతూ వేడిని పుట్టిస్తాయి కనుక, మంచు కురిసే నెలల్లో అది పశువులకు మేలు చేస్తుంది.

ఎండ ముదిరి పడక తడిసే కొద్దీ ఆ మేలే కీడుగా మారుతుంది. మూత్రంలోని యూరియా విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే అమోనియా నేలకు దగ్గరలోనే ఎక్కువగా ఉండి, పడుకున్న గొర్రెపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసి న్యుమోనియాకు దారితీయవచ్చు. నిలబడిన మనిషికి ఆ ఘాటు అంతగా తెలియదు కాబట్టి, పిల్లల ఎత్తుకు వంగి వాసన చూడడమే సులువైన, ఎవరూ మానకూడని పరీక్ష.

పెంటనంతా ఎత్తిపోసి, సబ్బునీటితో కడిగి ఆరబెట్టిన తరువాతే క్రిమిసంహారక మందు చల్లాలి, ఎందుకంటే మిగిలిన మురికి ఆ మందు శక్తిని హరిస్తుంది. తీసిన పెంటను కుప్పగా వేసి, లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటేలా తిరగేస్తూ ఉంటే రోగక్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు నశించి మంచి ఎరువు మిగులుతుంది.

దూలాలపై గూళ్లు కట్టే వానకోయిలలు కూడా ఈ కాలంలోనే దక్షిణం నుంచి తిరిగివస్తాయి. వలస పక్షుల రక్షణకు 1918లో చేసిన చట్టం ప్రకారం గుడ్లో పిల్లలో ఉన్న గూటిని తొలగించరాదు కనుక, పైకప్పు మరమ్మతులు వాటి రాకకు ముందే ముగించడం న్యాయం.